బయానా ఇచ్చే ముందు: మొదటి ఇంటికి సిబిల్, లోను, రాయితీలు సరిచూసుకునే పద్ధతి

ఒడిశాలోని రాయగడలో లెక్కలు రాసే నా గదికి నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే మాటతో వస్తారు. "అన్నయ్యా, ఇల్లు చూసీసినాం. యాభై వేలు బయానా కూడా ఇచ్చీసినాం. లోను ఎంతొస్తాది?"

ఆ యాభై వేల మాట వినగానే నాకు గుండె జారుతుంది. సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) చూశారా, పట్టాలో కిసం (భూమి రకం) ఏముంది, మీ ఆవిడ పేరు మీద ఆంధ్రాలో ఇల్లేమైనా ఉందా అని నేను అడగాల్సినవన్నీ బయానాకి ముందు అడగాల్సినవే. తర్వాత తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకే ఈ పనులు ఏ వరసలో చేయాలో ఆ వరసలోనే రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్నవాళ్ళకి తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీదీ, మీ భార్యదీ ఆధార్, పాన్. పేర్లు అక్షరం అక్షరం కలవాలి.
- ఉద్యోగులైతే మూడు నుంచి ఆరు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16. వ్యాపారులైతే రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు.
- ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు.
- ఇప్పటికే ఉన్న అప్పులన్నీ రాసిన ఒక కాగితం. బండి, ఫోను, బంగారం తాకట్టు, మహిళా గ్రూపు లోను, మీరు హామీ సంతకం పెట్టినవి, ఏదీ వదలొద్దు.
- చూసిన ఇంటి పట్టా నకలు. అమ్మేవాళ్ళు "అడ్వాన్సు ఇస్తేనే జెరాక్సు ఇస్తాం" అంటే ఆ ఇంటి సంగతి అక్కడితో ఆపేయండి.

1. క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి

మన వాడుకలో అన్నిటికీ 'సిబిల్' అనే అంటాం. నిజానికి మన అప్పుల చరిత్ర రాసి, దానికి స్కోరు వేసే క్రెడిట్ సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. వాళ్ళ వెబ్‌సైట్‌లో నెలవారీ డబ్బు కట్టే ప్లాన్లే ముందు కనిపిస్తాయి. వాటిని దాటి ఉచిత రిపోర్టు ఎక్కడుందో వెతకండి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. పదిమంది ఏజెంట్లకి పాన్ నంబరు ఇస్తే, వాళ్ళు పది చోట్ల లోనుకి పెడితే మాత్రం తగ్గుతుంది.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకుతో ధైర్యంగా మాట్లాడొచ్చు, వడ్డీ కూడా కాస్త తక్కువకి అడగొచ్చు. అయితే స్కోరు ఒక్కటే చూసి రిపోర్టు మూసేయొద్దు. లోపలి పేజీలు ఒక్కొక్కటీ చదవండి.

ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి ఇంటి లోనుకి వెళ్ళినప్పుడు నేనూ స్కోరు బానే ఉంటుందనుకున్నాను. బ్యాంకు ఆఫీసరు కంప్యూటరు తెర నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. ఎప్పుడో వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ తాలూకు 640 రూపాయలు బాకీ, రెండేళ్ళుగా అలాగే ఉంది. చివరి వాయిదా రోజు ఖాతాలో డబ్బు చాలక తిరిగిపోయింది. తర్వాత వాయిదా కట్టేశాను గానీ, దాని మీద పడిన జరిమానా మిగిలిపోయింది. అప్పిచ్చిన కంపెనీ నాకొక్క ఉత్తరం రాయలేదు. స్కోరు 671. ఆ 640 కట్టి, కాగితం తెచ్చుకుని, రిపోర్టు మారేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఆ ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు.

2. తప్పులు వెతికి దిద్దించండి

రిపోర్టులో ఈ నాలుగూ చూడండి.

పేరు. మనకి ఇది పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఒడిశాలో చేయించుకున్న కార్డులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. అలా ఉన్నప్పుడు అదే పేరున్న మరొకరి అప్పు మీ రిపోర్టులోకి వచ్చి చేరొచ్చు, మీరు సక్రమంగా కట్టిన లోను కనపడకుండా పోవచ్చు. ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించి, తర్వాత బ్యాంకు ఖాతాలో మార్పించండి.

'సెటిల్డ్' అన్న మాట. బాకీలో కొంత మాఫీ చేయించుకుని కట్టిన కార్డు గానీ లోను గానీ 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది. "కట్టీసినాను కదా, ఇంకేటి?" అని అడుగుతారు. బ్యాంకు దృష్టిలో అది పూర్తిగా కట్టడం కాదు. మిగిలింది కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకుని 'క్లోజ్డ్' అని మార్పించుకోండి.

హామీ సంతకాలు. బావమరిది ట్రాక్టరుకి మీరు పెట్టిన సంతకం మీ రిపోర్టులోనూ ఉంటుంది. అతను వాయిదా తప్పితే దెబ్బ మీకూ తగులుతుంది.

గ్రూపు లోన్లు. భార్యని సహ దరఖాస్తుదారుగా పెడుతుంటే ఆవిడ రిపోర్టు కూడా ఇప్పుడే తీయండి. మైక్రోఫైనాన్స్ అప్పులు కూడా క్రెడిట్ సంస్థలకి చేరతాయి. ఇంట్లో మగవాళ్ళకి తెలియకుండా ఆవిడ కడుతున్న చిన్న లోను బ్యాంకులో బయటపడితే ఇద్దరికీ ఇబ్బంది. ముందే కూర్చుని మాట్లాడుకోండి, కోప్పడకుండా.

తప్పు కనిపిస్తే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. అప్పిచ్చిన సంస్థకీ రాయండి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. కాబట్టి ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.

ఎలా సరిచూసుకోవాలి: 2025 నుంచి అప్పిచ్చిన సంస్థలు కనీసం పదిహేను రోజులకొకసారి క్రెడిట్ సంస్థలకి వివరాలు పంపాలి. కాబట్టి నెల, నెలన్నర ఆగి మళ్ళీ రిపోర్టు తీయండి. స్కోరు పెరిగిందా అన్నదానికంటే, ఆ తప్పు లైను పోయిందా లేదా అన్నది చూడండి.

3. స్కోరు తక్కువైతే, అసలు లేకపోతే

తక్కువైతే దగ్గరిదారి లేదు. "పది వేలివ్వండి, వారంలో 800 చేయిస్తాం" అనేవాళ్ళకి పాన్ గానీ ఓటీపీ గానీ ఇవ్వొద్దు. ఆరు నెలలు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టండి. క్రెడిట్ కార్డు పరిమితి 50,000 ఉంటే 15,000 దాటి వాడకండి. ఆ ఆరు నెలలు కొత్తగా ఏ అప్పూ వద్దు, వాయిదాల మీద ఫోను కూడా.

ఇంతవరకూ ఏ అప్పూ చేయనివాళ్ళ రిపోర్టులో స్కోరు బదులు 'ఎన్‌హెచ్' లేదా మైనస్ 1 అని ఉంటుంది. ఇది చూసి భయపడొద్దు. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని కేవలం క్రెడిట్ చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది, 2025లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులోనూ ఈ మాటే చెప్పింది. అయితే ఆదాయం, అలవాటు చూపించే కాగితాలు గట్టిగా ఉండాలి: జీతం పడే ఖాతా, కరెంటు బిల్లు, అద్దె కట్టిన వివరాలు.

4. లోను ఎంత, చేతిలో ఎంత ఉండాలి

ఒక లెక్క వేసి చూపిస్తాను. చేతికొచ్చే జీతం 38,000. బండి వాయిదా 3,200. అన్ని వాయిదాలూ కలిపి జీతంలో సగం దాటకూడదని బ్యాంకు చూస్తుందనుకోండి. అప్పుడు 19,000 లోంచి 3,200 తీస్తే 15,800 మిగిలింది. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ళకి, లక్షకి వాయిదా సుమారు 868 రూపాయలు. 15,800ని 868తో భాగిస్తే 18 లక్షల 20 వేలు. ఇదీ మీకు వచ్చే లోను. ఆ బండి వాయిదా ఒక్కటే సుమారు 3 లక్షల 70 వేల లోనుని తినేసింది. ఆరు నెలల్లో తీరిపోయే బండి లోనైతే ముందే కట్టేసి, బాకీ లేదన్న కాగితంతో బ్యాంకుకి వెళ్ళండి.

ఇక చేతిలో ఉండాల్సిన డబ్బు. 30 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన గరిష్ఠ పరిమితి. 30 నుంచి 75 లక్షల మధ్యైతే 80 శాతం. బ్యాంకు ఇంకా తక్కువ కూడా ఇవ్వొచ్చు. విలువ 10 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలవవు. అంటే 20 లక్షల ఇంటికి లోను మహా అయితే 18 లక్షలు. మీ చేతి నుంచి 2 లక్షలు, దాని మీద స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి 1.20 నుంచి 1.40 లక్షలు, ఇంకా లాయరు, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ ఖర్చులు. వీటికి తోడు మూడు నెలల వాయిదాలకి సరిపడా డబ్బు విడిగా ఉంచండి. మొత్తం నాలుగు లక్షల దగ్గర లేకపోతే ఇంకో ఏడాది ఆగమనే నా సలహా.

ఎక్కువమంది చేసే తప్పు, తక్కువ పడిన డబ్బుకి పర్సనల్ లోను తీయడం, లేదా బంగారం తాకట్టు పెట్టడం. రెండూ రిపోర్టులో కనపడతాయి, రెండూ మీ వాయిదా లెక్కలోకి వస్తాయి. పేపరు మిల్లులోనో ఇంకెక్కడో పనిచేస్తూ పీఎఫ్ కడుతుంటే, ఇంటి కోసం పీఎఫ్‌లోంచి అడ్వాన్సు ఎంత వస్తుందో ముందు అది చూడండి. అది తిరిగి కట్టాల్సిన అప్పు కాదు.

5. నేల ఎవరిది, ఏ రకం

దయచేసి ఈ మెట్టు దాటేయొద్దు. మీ సిబిల్ 800 ఉన్నా, నేల సరైనది కాకపోతే ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.

ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని ఖాతా నంబరు గానీ ప్లాట్ నంబరు గానీ కొడితే పట్టా వస్తుంది. అది ఒడియాలో ఉంటుంది. ఒడియా చదవడం రాకపోతే బ్రోకరుతో చదివించుకోవద్దు. బడిలో చదువుతున్న మీ పిల్లలతో చదివించుకోండి. మూడు చూడాలి. పట్టాదారు పేరు అమ్మేవాళ్ళదేనా? కిసం అన్న చోట 'ఘరబారి' (ఇళ్ళ స్థలం) అని ఉందా? పట్టాదారు ఎస్టీ వర్గం వాళ్ళా?

కిసం సాగు భూమి అని ఉంటే, తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద ఘరబారిగా మార్పించాలి. ఆ ఖర్చు, ఆలస్యం అమ్మేవాళ్ళే భరించేలా మాట్లాడుకోండి.

మూడోది ఇంకా ముఖ్యం. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతి జిల్లాలో కొంత భాగం కూడా అంతే. ఇక్కడ ఎస్టీల భూమి ఎస్టీలు కానివాళ్ళకి బదిలీ కాకుండా 1956 నాటి 2వ రెగ్యులేషన్ అడ్డుపడుతుంది. 2002 నుంచి అది ఇంకా గట్టిపడింది. "స్టాంపు కాగితం మీద రాసుకుందాం, ముప్పై ఏళ్ళుగా మేమే ఉంటున్నాం" అన్న మాట నమ్మి కొన్నవాళ్ళకి ఇల్లూ దక్కదు, డబ్బూ రాదు. ఆ భూమి నిజంగా ఎవరిదో వాళ్ళకీ అన్యాయం చేసినట్టే. ఇప్పుడున్న పట్టాదారు ఎస్టీ కాకపోయినా, 1956 తర్వాత ఎప్పుడైనా ఎస్టీ చేతి నుంచి మారిందేమో పాత కాగితాల్లో వెతికించండి. షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట కూడా ఎస్సీ, ఎస్టీ భూమికి ముందస్తు అనుమతి కావాలి.

1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది కాబట్టి, పాత ఇళ్ళకి తెలుగులో రాసిన దస్తావేజులు బయటపడితే ఆశ్చర్యపోకండి. బ్యాంకు లాయరుకి అవి కూడా చూపించండి. ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 30 ఏళ్ళకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి. ఫ్లాటైతే ఒడిశా రేరాలో (ఇళ్ళ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) ప్రాజెక్టు నమోదైందో లేదో చూడండి.

మహారాష్ట్రలో సిరొంచ, రాజురా, బల్లార్‌పూర్, కిన్వట్ వైపు వాళ్ళు పట్టా బదులు సాత్‌బారా (అక్కడి భూమి రికార్డు) చూడాలి. అక్కడా ఆదివాసీ భూమి బదిలీ మీద ఆంక్షలున్నాయి.

6. కేంద్ర రాయితీ: మీకు వస్తుందా?

"2.67 లక్షల సబ్సిడీ వస్తుందట కదా" అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ పాత పథకం 2022 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడున్నది 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. అందులో లోను మీద వడ్డీ రాయితీ లెక్క ఇది:

- కుటుంబ ఏడాది ఆదాయం 9 లక్షల లోపు.
- ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల కొలత) 120 చదరపు మీటర్ల లోపు.
- మొదటి 8 లక్షల లోను మీద, 12 ఏళ్ళ కాలానికి లెక్కగట్టి 4 శాతం రాయితీ. మొత్తం మహా అయితే 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో. అంటే ఏడాదికి 36,000 దాకా.
- దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్ళలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు.

మనవాళ్ళు తడబడేది ఈ చివరి దగ్గరే. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. పార్వతీపురంలో మీ నాన్న పేరున ఉన్న ఇల్లు ఇందులోకి రాదు. మీ భార్య పేరు మీద ఆంధ్రాలో ప్రభుత్వ ఇల్లు వచ్చి ఉంటే మాత్రం వస్తుంది. రాష్ట్రం వేరు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, అంతా ఆధార్‌తో ముడిపడి ఉంది.

ఇంకో జాగ్రత్త. ప్రతి ఏడాది రాయితీ పడే సమయానికి లోను నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా మిగిలి ఉండాలి. ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు వచ్చిందని మూడో ఏడు సగానికి పైగా కట్టేస్తే మిగిలిన రాయితీ ఆగిపోతుంది. ఐదేళ్ళు లెక్క చూసుకుని కట్టండి.

దరఖాస్తు పథకం పోర్టల్‌లో ఇంటిల్లిపాది ఆధార్‌లతో పెట్టి, ఆ నంబరు బ్యాంకుకి ఇవ్వండి. మీ బ్యాంకు ఈ పథకంలో చేరిందో లేదో ముందే అడగండి. రాయితీ వస్తేనే వాయిదా కట్టగలం అన్నట్టు ఇల్లు కొనొద్దు. వచ్చినప్పుడు లోను ఖాతాలో పడుతుంది, అంతే.

పల్లెల్లో సొంత స్థలంలో కట్టుకునేవాళ్ళకి గ్రామీణ పథకం వేరు. 

7. స్టాంపు డ్యూటీ, ఇన్‌కమ్ ట్యాక్స్

ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ళకి 5 శాతం, ఆడవాళ్ళకి 4 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 20 లక్షల ఇల్లు భార్య పేరున కొంటే 20,000 మిగులుతుంది. ఆవాస్ రాయితీకి కూడా ఇంటి యజమానురాలి పేరు ఉండాలి కాబట్టి రెండు పనులూ ఒకేసారి తీరతాయి. ఉమ్మడిగా రాయించుకుంటే ఏ రేటు పడుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి. మహారాష్ట్రలోనూ ఆడవాళ్ళకి 1 శాతం తగ్గింపు ఉంది.

ఇక పన్ను. పాత విధానంలో సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద 2 లక్షల దాకా, అసలు మీద 80సి (పొదుపులకిచ్చే మినహాయింపు) పరిమితి 1.50 లక్షల లోపల మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఈ రెండూ లేవు. అందులో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. కాబట్టి 9 లక్షల లోపు ఆదాయం వాళ్ళకి "లోను తీస్తే ట్యాక్సు మిగులుతుంది" అని ఎవరైనా చెబితే అది లెక్కకి నిలబడదు. 80ఈఈఏ సెక్షన్ కింద వడ్డీ మీద ఇంకో లక్షన్నర మినహాయింపు అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది 2022 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

8. బ్యాంకులో

ఇల్లు ఎక్కడుంటే ఆ దగ్గరి బ్రాంచికి వెళ్ళండి. రెండు మూడు చోట్ల అడిగి, ప్రతి చోటా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను ముఖ్య వివరాల పత్రం) ఇమ్మనండి. 2024 అక్టోబరు నుంచి అది ఇవ్వడం తప్పనిసరి. అందులో 'ఏపీఆర్' అన్న అంకె ఉంటుంది, అన్ని ఖర్చులూ కలిపిన అసలు వడ్డీ అదే. బోర్డు మీది వడ్డీ రేటు వదిలేసి ఏపీఆర్‌లు పోల్చండి. లోను ఇన్సూరెన్సు ప్రీమియం అందులో కలిపేశారేమో చూడండి. కావాలంటే తీసుకోండి, తప్పనిసరి అన్నారంటే రాసి ఇమ్మనండి.

ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహ లోనుని ముందే కట్టేస్తే జరిమానా ఉండదు. రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి ఇచ్చే అప్పు మీది వడ్డీ) పెరిగినప్పుడు వాయిదా పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్నది అడిగి నిర్ణయించుకునే హక్కు మీదే.

9. ఇప్పుడు బయానా

ఇన్ని అయ్యాక, బ్యాంకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక బయానా ఇవ్వండి. బ్యాంకు ఖాతా ద్వారానే ఇవ్వండి. ఆస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్ళకి అంతే జరిమానా పడొచ్చు. అగ్రిమెంటులో ఈ ఒక్క వాక్యం తప్పక రాయించండి: కాగితాల లోపం వల్ల గానీ, బ్యాంకు లోను రాకపోవడం వల్ల గానీ కొనుగోలు ఆగితే బయానా ఇన్ని రోజుల్లో వాపసు. ఈ వాక్యానికి ఒప్పుకోని వాళ్ళు ఏదో దాస్తున్నారన్నది నా అనుభవం.

రిజిస్ట్రేషన్‌లో విలువ తగ్గించి రాద్దామంటే ఒప్పుకోవద్దు. ఆ తక్కువ విలువ మీదే బ్యాంకు 90 శాతం లెక్కేస్తుంది.

10. చేరాక చూసుకోవాల్సినవి

రిజిస్ట్రేషన్ అయిన నెల తర్వాత కొత్త ఈసీ తీసి మీ పేరు చూడండి. తహసీల్‌లో మ్యుటేషన్‌కి పెట్టి, భూలేఖ్‌లో పట్టా మీ పేరుకి మారేదాకా వదలొద్దు. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, పదేళ్ళ తర్వాత పట్టా ఇంకా పాత యజమాని పేరునే ఉంటుంది. మూడో నెలలో మళ్ళీ క్రెడిట్ రిపోర్టు తీసి, కొత్త లోను మొత్తం, వాయిదా తేదీ సరిగ్గా పడ్డాయో చూడండి.

అసలు దస్తావేజులు బ్యాంకుకి అప్పగించేటప్పుడు ఏ కాగితాలు ఇచ్చారో జాబితా రాయించి, బ్రాంచి ముద్ర వేయించుకోండి. లోను తీరాక 30 రోజుల్లో అవన్నీ తిరిగి ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు కట్టాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఏమేం ఇచ్చామో చెప్పడానికి ఆ జాబితా ఒక్కటే ఉంటుంది. ముద్ర పడిన రోజే దాన్ని ఫోటో తీసి మీ ఆవిడ ఫోనుకీ పంపించండి.